కంపెనీ అచ్చేసిన జీతం: 1923 జర్మనీలో నోట్ల కరువు

పలచటి కాగితం. ఒకవైపే అచ్చు, వెనక ఖాళీ. పైన కంపెనీ పేరు, మధ్యలో పెద్ద అక్షరాలతో పది లక్షల మార్కులు (మార్కు అప్పటి జర్మన్ కరెన్సీ), కింద ఊరి పేరు, 1923 ఆగస్టులో ఏదో ఒక తేదీ, అచ్చులోనే వేసేసిన రెండు సంతకాలు. ఒక మూల వరుస సంఖ్య. సన్నటి అక్షరాల్లో రెండు ముక్కలు: ఈ చీటీకి మా క్యాష్ కౌంటర్‌లో డబ్బు చెల్లిస్తాం, పత్రికల్లో ప్రకటన ఇచ్చాక గడువు దాటితే ఇది చెల్లదు. నోటు అన్న మాట మాత్రం ఎక్కడా కనిపించదు. ‘గూట్‌షైన్’ అని ఉంటుంది. అంటే కూపన్, చీటీ.

ఆ మాట ఊరికే వాడలేదు. 1875 నాటి బ్యాంకు చట్టం ప్రకారం జర్మనీలో నోట్లు అచ్చేసే హక్కు కొన్ని బ్యాంకులకే ఉండేది, ఉక్కు ఫ్యాక్టరీలకూ బొగ్గు గనులకూ కాదు. అందుకే చీటీ అన్నారు. పేరు ఏదైతేనేం, చేసింది డబ్బు పనే. కార్మికుడు దాన్ని జీతంగా తీసుకున్నాడు, ఇంటావిడ దాంతో రొట్టె కొన్నది, రొట్టెల కొట్టు యజమాని దాన్నే పిండి వ్యాపారికి ఇచ్చాడు. ఇలాంటి డబ్బు మొత్తానికి జర్మన్లు పెట్టిన పేరు ‘నోట్‌గెల్ట్’. ఇందులో నోట్ అంటే మన నోటు కాదు. ఆ భాషలో ఆ మాటకు ఆపద, కటకట అని అర్థం. ఆపద్ధర్మపు డబ్బు అన్నమాట.

1923లో ఇలాంటి డబ్బు అచ్చేసిన సంస్థలు ఐదు వేలకు పైనే. వాటిలో నగరపాలక సంస్థలు, జిల్లా యంత్రాంగాలు, చాంబర్ ఆఫ్ కామర్స్‌లు, పొదుపు బ్యాంకులు ఉన్నాయి. వాటి పక్కనే ఎసెన్‌లోని ఉక్కు కంపెనీ క్రుప్, లెవర్కూసెన్‌లోని బాయర్, మైన్ నది ఒడ్డున హోక్స్ట్ రంగుల ఫ్యాక్టరీ, లుడ్విగ్స్‌హాఫెన్‌లోని రసాయనాల కంపెనీ బి.ఎ.ఎస్.ఎఫ్. కూడా ఉన్నాయి. ఈ చివరి పేరుకు తెలుగు నేలతో పాత లెక్క ఒకటుంది. 1897లో ఈ కంపెనీ కృత్రిమ నీలిమందును మార్కెట్‌లోకి దించాకే కడప, నెల్లూరు ప్రాంతాల నీలిమందు సాగు దెబ్బతిని క్రమంగా కనుమరుగైంది. అంతటి కంపెనీ, పాతికేళ్లు తిరిగేసరికి, గేటు బయట నిలబడ్డ కార్మికుల చేతిలో పెట్టడానికి సొంతంగా కాగితాలు అచ్చేసుకోవాల్సి వచ్చింది.

ఆ ఏడాది గురించి అందరికీ తెలిసిన బొమ్మ ఒకటుంది: తోపుడు బండి నిండా నోట్లు, వాటితో కొనగలిగింది ఒక్క రొట్టె. అబద్ధం కాదుగానీ ఆ బొమ్మలో అసలు తిరకాసు కనిపించదు. దేశం నోట్లలో మునిగిపోతుంటే కంపెనీకి జీతాలివ్వడానికి నోట్లు ఎందుకు దొరకలేదు?

కాగితం పెరిగింది, డబ్బు తగ్గింది

ముందు అంకెలు. 1914 జులైలో ఒక డాలర్‌కు 4.2 మార్కులు. 1922 జనవరికి సగటున 191 మార్కులు, అదే ఏడాది జులైకి 493. విదేశాంగ మంత్రి వాల్టర్ రాతెనౌ హత్య జరిగిన జూన్ 24 తర్వాత జారుడు మరీ ఎక్కువైంది. 1923 జనవరి సగటు 17,972. జులై సగటు 3,53,412. ఆగస్టు 46 లక్షలు. సెప్టెంబర్ దాదాపు 9 కోట్ల 89 లక్షలు. అక్టోబర్ 2,526 కోట్లు. నవంబర్ 20న డాలర్‌ను కట్టేసిన రేటు 4.2 లక్షల కోట్ల మార్కులు.

ఈ అంకెలు చదవడానికి తెలుగు పాఠకుడికి ఒక సౌలభ్యం ఉంది. జర్మన్ నోటు మీద ‘బిలియోన్’ అని ఉంటే అది ఇంగ్లిష్ బిలియన్ కాదు, దానికి వెయ్యి రెట్లు. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు దీని దగ్గర తరచుగా తప్పులో కాలేస్తారు. మన లెక్కలో అది సరిగ్గా ఒక లక్ష కోట్లు. ‘మిలియార్డె’ అంటే వంద కోట్లు.

ఇప్పుడు తిరకాసు సంగతి. యుద్ధానికి ముందు, 1913లో, జర్మనీలో చలామణిలో ఉన్న డబ్బు విలువ సుమారు 600 కోట్ల బంగారు మార్కులు, అంటే డాలర్‌కు 4.2 చొప్పున పలికిన పాత మార్కులు. 1923 నవంబర్ మధ్యకు కేంద్ర బ్యాంకు రైష్‌బ్యాంక్ నోట్లన్నిటినీ పోగేసి ఆనాటి డాలర్ రేటుతో బంగారు మార్కుల్లోకి మారిస్తే వచ్చేది సుమారు 15 కోట్లు. నలభయ్యో వంతు! కాగితం కొండలా పెరిగింది, ఆ కొండ మొత్తం కొనగలిగే సరుకు మాత్రం చిన్న కుప్పకు దిగిపోయింది.

ఇందులో మాయేమీ లేదు. రేపటికి సగం విలువ కూడా ఉండదని తెలిసిన నోటును ఎవరూ జేబులో ఉంచుకోరు. చేతిలో పడగానే బూట్లో, బంగాళాదుంపలో, సబ్బో, ఏది దొరికితే అది కొనేస్తారు. అందరూ అలా పరిగెత్తితే ధరలు ప్రెస్సుల కంటే వేగంగా పరిగెత్తుతాయి. ప్రభుత్వం ఈ వారం రెట్టింపు నోట్లు అచ్చేసేలోపు ధరలు మూడింతలవుతాయి. ప్రెస్సు ఎంత తిరిగినా ఎప్పుడూ ఒక అడుగు వెనకే. బజారులో కొనుగోళ్లకూ ఫ్యాక్టరీలో జీతాలకూ కావాల్సిన నోట్లు ఎప్పుడూ చాలవు.

రైష్‌బ్యాంక్ అధ్యక్షుడు రుడోల్ఫ్ హావెన్‌స్టైన్ దీన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నాడు. ఆయన దృష్టిలో ధరలు పెరగడానికి కారణం యుద్ధ నష్టపరిహారం, దిగుమతుల భారం, పడిపోతున్న మారకం రేటు. నోట్లు అచ్చేయడం ఆ అవసరాన్ని తీర్చడం మాత్రమే. 1923 ఆగస్టు 17న ఆయన చెప్పిన లెక్క ప్రకారం బ్యాంకు అప్పటికే రోజుకు 20 లక్షల కోట్ల మార్కులు విడుదల చేస్తోంది, వచ్చే వారానికి దాన్ని రోజుకు 46 లక్షల కోట్లకు పెంచుతుంది. మొత్తం చలామణిలో ఉన్నది 63 లక్షల కోట్లు. అంటే ఉన్న డబ్బులో మూడింట రెండు వంతులకు పైగా ఒక్క రోజులో అచ్చేయగలమని ఆయన చెబుతున్నాడు. అది ఆయనకు సిగ్గుపడే విషయం కాదు, సాధించిన పని.

ఆయన కాలం చివర్లో 30కి పైగా కాగితం మిల్లులు, 133 ప్రింటింగ్ సంస్థలు, 1,783 యంత్రాలు రైష్‌బ్యాంక్ కోసమే పనిచేశాయి. అయినా చాలలేదు. వెయ్యి మార్కుల నోట్ల మీదే ఎర్ర సిరాతో అడ్డంగా ‘వంద కోట్ల మార్కులు’ అని ముద్ర కొట్టి వదిలారు. 1922 మొదట్లో పది వేల నోటు రాకముందు ఆ దేశంలో అన్నిటికంటే పెద్ద నోటు వెయ్యి మార్కులదే. అదే వెయ్యి నోటు ఏడాదిన్నర తిరిగేసరికి వంద కోట్ల ముద్రకు కాగితంగా మిగిలింది.

జీతం రోజు

కంపెనీ క్యాషియర్ వైపు నుంచి చూస్తే ఈ కరువు ఎలా ఉంటుందో చిన్న లెక్క వేసి చూడొచ్చు. పది వేల మంది కార్మికులున్న ఫ్యాక్టరీ అనుకుందాం. ఒక్కొక్కరికి కోటి మార్కులు ఇవ్వాలి. మొత్తం పది వేల కోట్లు. బ్యాంకు దగ్గర పెద్ద నోట్లు లేవు, లక్ష నోట్లే ఇచ్చింది. అంటే పది లక్షల నోట్లు. సెకనుకు ఒకటి చొప్పున లెక్కపెట్టినా ఒక మనిషికి దాదాపు 278 గంటలు, రోజుకు ఎనిమిది గంటలైతే ముప్పై అయిదు రోజులు పడుతుంది. అన్ని రోజులు పోతే ఆ జీతంతో అగ్గిపెట్టె కూడా రాదు. పది మందిని కూర్చోబెట్టినా కుదరదు. అసలు పది లక్షల నోట్లు బ్యాంకు శాఖ దగ్గర ఉంటేగా!

అదే కంపెనీ కోటి మార్కుల చీటీలు సొంతంగా అచ్చేయిస్తే పది వేల కాగితాలతో సరిపోతుంది. ఊళ్లో పెళ్లి శుభలేఖలు, సినిమా పోస్టర్లు వేసే చిన్న ప్రెస్సుకు అది పెద్ద పనేం కాదు. ఆ ఏడాది జర్మనీలో చాలా చిన్న ప్రెస్సులకు ఈ పని దొరికింది. వెనకవైపు అచ్చు లేకపోవడానికీ, సంతకం చేత్తో చేయకుండా అచ్చులోనే వేయడానికీ కారణం ఈ హడావిడే. దొంగ చీటీలు పుట్టుకురావడానికీ అదే కారణం. వాటిలో కొన్ని అసలు చీటీల కంటే నాణ్యంగా ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

వారానికి ఒకసారి ఇచ్చే జీతం వారానికి రెండుసార్లయింది, చాలాచోట్ల రోజుకూలీ పద్ధతి వచ్చింది. గేటు దగ్గర ఎదురుచూసే ఇంటివాళ్ల చేతికి డబ్బు అందగానే వాళ్లు కొట్టుకు పరుగు. మధ్యాహ్నం డాలర్ కొత్త రేటు తెలిశాక ధరలు మారిపోతాయి కాబట్టి అంతకుముందే సరుకు ఇంటికి చేరాలి. ఈ టెన్షన్‌లో కార్మికుడి చేతికొచ్చింది రైష్‌బ్యాంక్ నోటా, కంపెనీ చీటీనా అన్నది రెండో ప్రశ్న. దీనికి రొట్టె ఇస్తారా, ఇవ్వరా అన్నదే మొదటిది.

జర్మనీ పశ్చిమాన బొగ్గు గనులు, ఉక్కు ఫ్యాక్టరీలు నిండిన రూర్ ప్రాంతంలో గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది. నష్టపరిహారం కింద ఇవ్వాల్సిన బొగ్గు, కలప బాకీ పడ్డారంటూ 1923 జనవరి 11న ఫ్రెంచ్, బెల్జియన్ సైన్యాలు అక్కడికి దిగాయి. జర్మన్ ప్రభుత్వం సహాయ నిరాకరణకు పిలుపునిచ్చింది. గనులు, ఫ్యాక్టరీలు పని తగ్గించాయి లేదా ఆపేశాయి. కార్మికులకు మాత్రం కూలి అందాలి, లేకపోతే నిరాకరణ వారం రోజులు నిలవదు. ఆ కూలి కోసం ప్రభుత్వమే కంపెనీలకు డబ్బు సమకూర్చింది. ఆ డబ్బు ప్రెస్సుల నుంచే వచ్చింది. కాగితం మీద డబ్బు మంజూరైనా అది బెర్లిన్ నుంచి ఎసెన్ దాకా రావడం ఇంకో గండం. ఆక్రమణ సైన్యాలు రైష్‌బ్యాంక్ నగదు దొరికిన చోటల్లా స్వాధీనం చేసుకున్నాయి. ఇలాంటి చోట క్రుప్ లాంటి కంపెనీ సొంత చీటీలు అచ్చేయకపోతే మరేం చేస్తుందని అడిగితే జవాబు చెప్పడం కష్టం. మిగతా జర్మనీలో నోట్‌గెల్ట్ గురించి ఎన్ని అనుమానాలున్నా, రూర్‌లో మొదటి నెలల్లో అది నిజంగా ఆపద్ధర్మమే.

ఆగస్టులో ఆపద దేశమంతా పాకింది. ఆగస్టు 10న బెర్లిన్‌లో నోట్లు అచ్చేసే కార్మికులే సమ్మెకు దిగారు. ప్రభుత్వ ముద్రణాలయం ఆగిపోయింది. నోట్లు అచ్చేసేవాళ్లకే ఆ నోట్లతో ఇల్లు గడవని రోజులవి. సమ్మె మిగతా కార్మికులకు అంటుకుని రెండు రోజుల్లో, ఆగస్టు 12న, విల్హెల్మ్ కూనో ప్రభుత్వం రాజీనామా చేసింది. ప్రెస్సులు మళ్లీ తిరిగాయి గానీ ఆ కొద్ది రోజుల లోటు పూడ్చడం సాధ్యం కాలేదు. నేటి సేకర్తల ఆల్బమ్‌లలో 1923 ఆగస్టు తేదీలున్న చీటీలు అంత విరివిగా కనిపించడం కాకతాళీయం కాదు.

నోట్‌గెల్ట్ చరిత్ర 1914లోనే మొదలైంది. అప్పుడు యుద్ధ భయంతో జనం వెండి నాణేలు దాచేసుకున్నారు, తర్వాత రాగి, నికెల్ ఆయుధాలకు పోయాయి. చిల్లర కోసం ఊళ్లు జింకు నాణేలూ చిన్న కాగితాలూ వదిలాయి. 1920 నాటికి అదొక సరదా వ్యాపారమైంది: మైసెన్ పింగాణీ నాణేలు, బీలెఫెల్డ్ పట్టుగుడ్డ మీద అచ్చేసిన నోట్లు, జానపద కథల బొమ్మల సెట్లు. సేకర్తలకు అమ్ముకోవడానికే అచ్చేసినవి చాలా. ఇవాళ నోట్‌గెల్ట్ అనగానే కనిపించేవి ఈ రంగుల బొమ్మలే. కానీ జీతం రోజున గేటు దగ్గర చేతులు మారిన కాగితానికి బొమ్మ లేదు, రంగు లేదు. ఆర్థిక చరిత్ర మాత్రం దాంట్లోనే ఉంది.

చీటీ అంటే అప్పు

కంపెనీ చీటీ ఇచ్చిందంటే ఏం జరిగినట్టు? కార్మికుడు పని చేసేశాడు. దానికి బదులు కంపెనీ ఇచ్చింది డబ్బు కాదు, తర్వాత డబ్బిస్తానన్న మాట. అంటే కార్మికుడు కంపెనీకి అప్పిచ్చాడు. అతను ఆ చీటీతో రొట్టె కొంటే ఆ అప్పు రొట్టెల కొట్టుకు బదిలీ అయింది. అక్కడి నుంచి పిండి వ్యాపారికి, అతని నుంచి బ్యాంకుకు. చివరికి ఎవరో ఒకరు కంపెనీ కౌంటర్ దగ్గర నిలబడి అడిగేదాకా ఊరంతా కలిసి కంపెనీకి అప్పు ఇస్తూనే ఉంటుంది. దానికి వడ్డీ లేదు.

మామూలు రోజుల్లో ఇది పెద్ద విషయం కాదు. 1923లో అంతా ఇక్కడే ఉంది. కోటి మార్కుల చీటీ ఒకటి తీసుకుందాం. ఆగస్టు సగటు రేటు ప్రకారం ఇచ్చిన రోజు దాని విలువ 2 డాలర్ల 16 సెంట్లు. అది చేతులు మారి మారి సెప్టెంబర్ సగటు రేటు దగ్గర కంపెనీ కౌంటర్‌కు వస్తే కంపెనీ చెల్లించేది అదే కోటి మార్కులు, కానీ అప్పటికి వాటి విలువ 10 సెంట్లు. అక్టోబర్ దాకా తిరిగితే ఒక సెంటులో పాతికో వంతు. పని రెండు డాలర్లది, చెల్లింపు పది సెంట్లది. మిగిలిన దాదాపు రెండు డాలర్లు ఎక్కడికీ ఆవిరైపోలేదు. చీటీ చేతిలో ఉన్నంతసేపు తలా కొంత పోగొట్టుకున్నారు, అదంతా చీటీ అచ్చేసినవాడి లాభంలోకి చేరింది. నోట్లు అచ్చేసి ప్రభుత్వం జనం మీద వేసిన కనపడని పన్నును కంపెనీలు కూడా వసూలు చేసుకున్నాయి.

దీన్ని అడ్డుకోవడానికి చట్టం లేకపోలేదు. 1922 జులై 17న చేసిన చట్టం నోట్‌గెల్ట్‌ను నిషేధించింది. ఆర్థిక శాఖ అనుమతి ఉంటేనే అచ్చేయాలి, అచ్చేసిన మొత్తానికి సరిపడా సొమ్ము ముందుగా డిపాజిట్ కట్టాలి. ఈ డిపాజిట్ షరతు తెలివైనది. సొమ్ము ముందే కట్టేస్తే విలువ పడిపోవడం వల్ల వచ్చే లాభం కంపెనీకి దక్కదు. చీటీ నిజంగా నోట్ల కొరత తీర్చడానికే పనికొస్తుంది, ఉచిత అప్పుగా కాదు. కానీ 1923 వేసవిలో అనుమతులు ధారాళంగా వచ్చాయి, అనుమతి లేకుండా అచ్చేసినవాళ్లూ తక్కువేమీ కాదు. ఆక్రమణలో ఉన్న రైన్, రూర్ ప్రాంతాల్లో బెర్లిన్ మాట నడిచే పరిస్థితే లేదు.

ఇంకో చట్టం కూడా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా తలుచుకోరు. జర్మన్ పారిశ్రామిక చట్టం 115వ సెక్షన్ ప్రకారం కార్మికుల వేతనం దేశ కరెన్సీలోనే లెక్కగట్టాలి, నగదుగానే ఇవ్వాలి. వెనకటి కాలంలో యజమానులు జీతం బదులు తమ సొంత దుకాణం సరుకులు, టోకెన్లు అంటగట్టేవారు. ఆ దోపిడీ ఆపడానికి వచ్చిన సెక్షన్ ఇది. కంపెనీ చీటీతో జీతమివ్వడం సూటిగా దానికి విరుద్ధం. అయినా కార్మికులు దీని మీద పట్టుబట్టే స్థితిలో లేరు. చీటీ వద్దంటే చేతికొచ్చేది నోటు కాదు, శూన్యం. వాళ్ల సంఘాలు పోరాడింది అసలు విషయం మీద: జీతాన్ని ధరల సూచీతో ముడిపెట్టాలని, రేపు విలువ ఉండే డబ్బులో ఇవ్వాలని.

కంపెనీల వైపు వాదన కూడా కొట్టిపారేయదగ్గది కాదు. వాళ్లకు రావాల్సిన బాకీలు కూడా కరిగిపోతున్నాయి, బ్యాంకుల్లో నగదు లేదు, జీతం ఆపితే మర్నాడు ఫ్యాక్టరీ ముందు ఏం జరుగుతుందో తెలియదు. ఇదంతా నిజం. కానీ ఆపదలో అచ్చేసిన చీటీకీ లాభానికి అచ్చేసిన చీటీకీ మధ్య తేడా కాగితం మీద కనిపించదు. దాన్ని పట్టుకోవాలంటే ఒకటే మార్గం: డిపాజిట్ కట్టారా, ఎంత త్వరగా వెనక్కి తీసుకున్నారు? వారంలో నోట్లు రాగానే చీటీలు వెనక్కి పిలిచిన కంపెనీ ఆపదలో ఉన్నట్టు. అచ్చేసిన చీటీలను చలామణిలో వదిలేసి, వాటితో ముడి సరుకో డాలర్లో కొని కూర్చున్న కంపెనీ లెక్క వేరు. రెండో రకంవాళ్లకు రైష్‌బ్యాంకే దారి చూపించింది. 1922 జులై దాకా అది వ్యాపారులకు 5 శాతం వడ్డీకే హుండీలు (గడువుకు చెల్లిస్తామని రాసిచ్చే వ్యాపార పత్రాలు) మార్చి అప్పులిచ్చింది. ఆరు నెలల్లో డబ్బు విలువ సగానికి పైగా పడిపోతుంటే ఆ వడ్డీ దానమే. 1923 సెప్టెంబర్‌లో దాన్ని 90 శాతానికి పెంచినా సెప్టెంబర్ లెక్కల ముందు అదీ దానమే. అప్పు తీసుకుని సరుకు కొనడం, విలువ పడ్డాక తీర్చడం అప్పటికే పెద్ద వ్యాపారులకు వెన్నతో పెట్టిన విద్య. చీటీ అచ్చేయడం ఆ విద్యలో తర్వాతి పాఠం.

చీటీ విలువ ఊరి పొలిమేర దాటితే పడిపోయేది. ఎసెన్ కంపెనీ చీటీ ఎసెన్ కొట్లో నడుస్తుంది, ఎందుకంటే ఆ కొట్టువాడి బేరమంతా ఆ కంపెనీ కార్మికులతోనే. పక్క ఊళ్లో మొహం చిట్లిస్తారు, దూరం పోతే కాదంటారు లేదా కోత కోస్తారు. దీనికి మినహాయింపు రైల్వే. దేశ రైల్వే సంస్థ సొంతంగా నోట్లు భారీగా అచ్చేసింది, అవి దేశమంతా నడిచాయి. టికెట్ కొనడానికి ఎక్కడైనా పనికొస్తాయి కదా. డబ్బు దేనివల్ల చెల్లుతుందన్న ప్రశ్నకు పుస్తకాల్లో దొరికే జవాబుల కంటే ఇది సూటైనది: అచ్చేసినవాడి దగ్గర జనానికి రోజూ అవసరమైన వస్తువు ఉంటే అతని కాగితం చెల్లుతుంది.

మార్కును వదిలేసిన చీటీలు

శరదృతువుకు చీటీలే మారిపోయాయి. మార్కుల అంకె రాయడం మానేసి విలువ నిలబడే కొలత రాయడం మొదలైంది. 1922 చివర్లోనే ఓల్డెన్‌బుర్గ్ ప్రభుత్వ సంస్థ రై ధాన్యం కిలోల లెక్కన బాండ్లు అమ్మింది. 1923 అక్టోబర్, నవంబర్లలో బంగారు మార్కుల చీటీలు వచ్చాయి. వాటి మీది అంకెలు చూస్తే మొదట వింతగా ఉంటుంది: 4.20, 2.10, 1.05, 0.42, 0.21. విషయం తేలిక: 4.20 బంగారు మార్కులంటే ఒక డాలర్, 0.42 అంటే డాలర్‌లో పదో వంతు. మార్కు పేరు పైకి ఉంచుకుని లోపల డాలర్‌ను కూర్చోబెట్టారు. హాంబుర్గ్‌లో వ్యాపారులు కలిసి ఏకంగా ఒక బ్యాంకే పెట్టుకుని బంగారు లెక్కల డబ్బు వదిలారు.

ఇవి పాత చీటీల్లా కావు. ఇక్కడ కంపెనీ ఇచ్చిన మాట రేపూ అదే విలువ. లాభం అచ్చేసినవాడికి పోదు, చేతిలో ఉన్నవాడికి నష్టం రాదు. కొట్లలో వీటికి సరుకు వెంటనే దొరికింది. అదే కౌంటర్ మీద పేపర్ మార్కులు పెడితే సరుకు అయిపోయిందన్న మాట వినపడేది. ప్రభుత్వం నవంబర్ 15న రెంటెన్‌మార్క్ అనే కొత్త కరెన్సీ తేవడానికి ముందే జనం మనసులో పేపర్ మార్కు చచ్చిపోయింది. కొత్త మార్కు నిలబడటాన్ని చాలామంది అద్భుతం అంటారు. ఈ బంగారు చీటీల సంగతి తెలిశాక ఆ మాట కొంచెం పెద్దదనిపిస్తుంది. విలువ నిలబడే డబ్బు ఏదొచ్చినా పట్టుకోవడానికి జనం అప్పటికే చేతులు చాచి ఉన్నారు.

కౌంటర్ మూసిన రోజు

రెంటెన్‌మార్క్ కథలో దానికి హామీగా పెట్టిన భూమి తనఖా గురించి ఎక్కువ చెబుతారు, కౌంటర్ గురించి తక్కువ. నిజానికి కంపెనీ చీటీల ఆట కట్టింది కౌంటర్ దగ్గరే.

అప్పటిదాకా రైష్‌బ్యాంక్ శాఖలు నోట్‌గెల్ట్‌ను తీసుకునేవి. ఈ ఒక్క అలవాటు మీదే మొత్తం వ్యవస్థ నడిచింది. కంపెనీ చీటీ అచ్చేస్తుంది, అది బజారు తిరిగి మామూలు బ్యాంకుకు వస్తుంది, ఆ బ్యాంకు దాన్ని రైష్‌బ్యాంక్‌లో కట్టి అసలు నోట్లు తెచ్చుకుంటుంది. అంటే ఎవరో కంపెనీ ఇచ్చిన మాటను కేంద్ర బ్యాంకు నోటుగా మార్చేసినట్టే. ఐదు వేల మంది నోట్లు అచ్చేస్తున్న దేశంలో హావెన్‌స్టైన్ ఒక్కడు ప్రెస్సు ఆపినా ఫలితం ఉండదు.

నవంబర్ 12న హ్యాల్మర్ షాఖ్ట్‌ను కరెన్సీ కమిషనర్‌గా నియమించారు. 15న రెంటెన్‌మార్క్ వచ్చింది, ప్రభుత్వం రైష్‌బ్యాంక్ నుంచి అప్పు తీసుకోవడం ఆగింది. 20న డాలర్‌ను 4.2 లక్షల కోట్ల దగ్గర ఆపారు. లక్ష కోట్ల పేపర్ మార్కులకు ఒక రెంటెన్‌మార్క్. అదే రోజు హావెన్‌స్టైన్ గుండెపోటుతో చనిపోయాడు. 22 నుంచి రైష్‌బ్యాంక్ నోట్‌గెల్ట్ తీసుకోవడం ఆపేసింది. చీటీలు ఎవరు అచ్చేశారో వాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి అన్నమాట.

రైన్ ప్రాంతంలో గోల మొదలైంది. అక్కడి ఊళ్లూ పరిశ్రమలూ నడుస్తున్నదే నోట్‌గెల్ట్ మీద. నవంబర్ 25న షాఖ్ట్ కొలోన్ వెళ్లి అక్కడి ప్రతినిధులను కలిశాడు. సమావేశం వేడిగా జరిగింది, ఆయన వెనక్కి తగ్గలేదు. అప్పటికి కొలోన్ బజారులో డాలర్ 11 లక్షల కోట్ల మార్కులు దాటి పలుకుతోంది, అధికారిక రేటుకు రెండున్నర రెట్లకు పైగా. షాఖ్ట్ లెక్క ప్రకారం స్పెక్యులేటర్లు చీటీలతో డబ్బు కట్టొచ్చన్న ధీమాతో డాలర్లు బేరమాడారు. నెలాఖరుకు చెల్లింపు గడువు వచ్చేసరికి చీటీలు చెల్లవు, అసలు నోట్లు దొరకవు. కొన్న డాలర్లనే తక్కువ రేటుకు అమ్ముకుని బయటపడాల్సి వచ్చింది. డిసెంబర్ రెండో వారానికి కొలోన్ రేటు కూడా 4.2 దగ్గరికి దిగొచ్చింది.

ఒకప్పుడు దేశంలో నోట్ల కొరతే చీటీని పుట్టించింది. ఇప్పుడు రైష్‌బ్యాంక్ అదే కొరతను కావాలని సృష్టించి చీటీని చంపింది. ఆగస్టులో ఈ పని చేసి ఉంటే జీతాలు ఆగిపోయి వీధుల్లో రక్తం పారేది. నవంబర్‌లో కార్మికుడి చేతిలో పెట్టడానికి వేరే డబ్బు ఉంది, అదీ తేడా.

ఆ తర్వాత చీటీలను వెనక్కి పిలిచే ప్రకటనలు పత్రికల్లో వరుసగా వచ్చాయి. కంపెనీలు మాట తప్పలేదు, కౌంటర్లు తెరిచే ఉంచాయి. కానీ లక్ష కోట్లు ఒక మార్కు అయితే వెయ్యి కోట్లు ఒక ఫెనిగ్, అంటే మార్కులో వందో వంతు. ఆగస్టు నాటి పది లక్షల చీటీలు పది వేలు పోగుచేసి మోసుకెళ్తే కంపెనీ క్యాషియర్ లెక్కపెట్టి ఇవ్వాల్సింది ఒక్క ఫెనిగ్. ఎవరు వెళ్తారు? చాలా చీటీలు పిల్లల ఆటలకు, పొయ్యి అంటించడానికి పోయాయి. వెనకవైపు ఖాళీగా ఉన్నవి లెక్కలు రాసుకోవడానికి పనికొచ్చాయి. మిగిలినవి ఇవాళ్టికీ పాత నోట్ల వేలాల్లో కట్టలు కట్టలుగా కనిపిస్తాయి: కంపెనీ పేరు, అచ్చు సంతకాలు, మా కౌంటర్‌లో డబ్బు చెల్లిస్తాం అన్న ఆ సన్నటి వాక్యం.